1947లో వెళ్ళిపోయిన బ్రిటిష్ ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారులకు పరిహారం భారత్ చెల్లించిందా?

లేదు, ఉద్యోగం ముందే ముగిసినందుకు ఇచ్చిన పరిహారం బ్రిటన్ ఖజానాదే. భారత్ తలకెత్తుకున్నది పెన్షన్లను.

ఈ రెండూ వేర్వేరు. పెన్షన్ అంటే ఇక్కడ చేసిన నౌకరీకి రావలసిన బాకీ. అందుకే దాన్ని కాదనలేదు. పరిహారం మాత్రం ఇంకా చేయాల్సిన సర్వీసు పోయినందుకు. పాలన వదులుకోవడం లండన్ నిర్ణయం కాబట్టి ఆ భారం మాకెందుకన్నది సర్దార్ పటేల్ వాదన. భారతీయ అధికారులకైతే నష్టమే లేదు, సొంత దేశంలో అదే కొలువు కదా అన్నారాయన. మాట కటువే అయినా న్యాయంగానే ఉంది.

పెన్షన్ల లెక్క ఎలా తేలిందో చూడండి: 1948 ఒప్పందంలో, లండన్‌లో నిలవున్న మన స్టెర్లింగ్ (బ్రిటన్ కరెన్సీ) నిధుల నుంచే సుమారు 16.8 కోట్ల పౌండ్లు బ్రిటన్‌కు ఒక్కసారిగా కట్టేశారు. దానికి బదులుగా ఏటేటా కొంత సొమ్ము అక్కడినుంచి వచ్చేది, పౌండ్లలో ఇవ్వాల్సిన పెన్షన్లకు సరిపడేలా.

ఐసీఎస్ వాళ్ళందరికీ పరిహారం ముట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ ఇక్కడే కొనసాగిన భారతీయులకు దక్కింది రాజ్యాంగం 314వ అధికరణ కింద సర్వీసు షరతుల రక్షణ. దాన్నీ 1972లో 28వ సవరణ తీసేసింది.