గంపకు రాని కోడిని ఏమనాలి?

సందేహం: మాది విజయవాడ పటమటలో నాలుగు బ్లాకుల అపార్టుమెంటు. మూడేళ్ల కిందట ఇల్లు ఖాళీ చేసిన ఒకరు రెండు పెట్టలనూ ఒక పుంజునూ ఇక్కడే వదిలేశారు. ఇప్పుడవి ముప్పై దాటాయి. ఇంగ్లీషు నోటీసును తెలుగు చేసి ఇలా అంటించాం: ‘మన కమ్యూనిటీలోని అడవి కోళ్లు మరియు పుంజుల జనాభాను నిర్వహించుటకు సభ్యులు సహకరించగలరు.’ దాని మీద పెద్ద చర్చ. ‘అడవి కోళ్లు’ తప్పని ఒకరు, ‘వీధికోళ్లు’ అనాలని ఒకరు, ‘నాటుకోళ్లు’ అంటే చాలదా అని మరొకరు. ఇంతకీ ఆ ఇంగ్లీషు నోటీసులోని ‘ఫెరల్’ (feral)కు సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే నా వృత్తి కాబట్టి నిస్సంకోచంగా మొదలుపెడతాను.

అడవికోడి అనేది వేరే పక్షి. పాపికొండల వైపు ఎర్ర అడవికోడి, నల్లమలలో బూడిద రంగు అడవికోడి ఉంటాయి. మన పెరటికోడికి పూర్వీకురాలు ఆ ఎర్రదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడటం నేరం. కాబట్టి ‘అడవి కోళ్లను పట్టించడానికి సహకరించండి’ అని మీరు గోడకు అంటిస్తే, చదవడం వచ్చిన అటవీ అధికారి ఎవరైనా అటుగా వచ్చినప్పుడు కాస్త ఇబ్బందే.

‘నాటుకోడి’తోనూ పని జరగదు. నాడు అంటే దేశం, ప్రాంతం. దాని నుంచి వచ్చిన ‘నాటు’ నాటువైద్యంలో, నాటుమందులో ఉన్నదే. ఇది జాతిని చెప్పే మాట, ఫారం కోడికి ఎదురుమాట. గంప కింద బుద్ధిగా పడుకునేదీ నాటుకోడే, మీ కార్ల మీద రెట్ట వేసేదీ నాటుకోడే. ‘వీధికోడి’ వీధికుక్కను చూసి కట్టిన మాట. కట్టుబడి బాగానే ఉంది కానీ మీ కోళ్లు వీధిలో లేవు, ప్రహరీ లోపలే ఉన్నాయి. మీ తగవంతా అందుకే కదా!

‘ఫెరల్’కు లాటిన్‌లో మూలమైన మాటకు అడవి మృగం అని అర్థం. ఇంగ్లీషులో మాత్రం ఇప్పుడది ఒకప్పుడు మనిషి చేతికింద ఉండి తర్వాత మనిషిని వదిలేసిన ప్రాణికి వాడుతున్నారు. హవాయి దీవుల్లోని కవాయ్‌లో రోడ్ల మీద తిరిగే కోళ్లను అలాగే అంటారు. 1992లో వచ్చిన ఇనికి తుఫానుకు గూళ్లు కూలి బయటపడ్డవాటి సంతతే అవి అని అక్కడివారు చెప్పుకుంటారు. మరి మన దగ్గర ఈ అర్థానికి ఒక్క మాట ఎందుకు లేదు? పందెం పుంజు ఈకల రంగు చూసి డేగ, కాకి, నెమలి అని పేర్లు పెట్టిన కోస్తా జిల్లాలవాళ్లం, కోళ్ల విషయంలో మాటలకు పిసినారులం కాము. నా ఊహ ఇది: మా చిన్నతనంలో గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో యజమాని లేని కోడి అంటూ ఉంటే సాయంత్రానికి అది ఎవరో ఒకరి పొయ్యి మీద ఉండేది. పేరు పెట్టేంత కాలం బతకలేదు, పాపం.

అలాంటి కోడిని ఈమధ్య మీ విజయవాడలోనే మా మేనకోడలి ఇంట్లో చూశాను. పొద్దు గుంకే వేళ ఒక పెట్ట స్కూటరు సీటు మీదికి ఎగిరింది. అక్కడి నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి కానుగ కొమ్మ మీదికి. నేను ‘బా బా’ అని పిలిస్తే మెడ ఒకపక్కకు వంచి చూసింది, దిగలేదు. ఆ పిలుపు విని గంప దగ్గరికి పరుగెత్తుకొచ్చే గుణాన్నే మనవాళ్లు మాలిమి అన్నారు. ఆ పెట్టకు అది పోయింది. కాబట్టి వ్యాసం రాస్తుంటే ‘మాలిమి తప్పిన కోళ్లు’ అనండి. దారి తప్పిన, అదుపు తప్పిన అన్నట్టే ఇదీ. ‘ఫెరల్’లోని కథంతా, అంటే ముందు ఉన్నదీ తర్వాత పోయినదీ, ఆ ‘తప్పిన’లో వచ్చేస్తుంది.

నోటీసుకు అంత బరువు అక్కరలేదు. ‘ఊరకోళ్లు’ చాలు. ఊరకుక్క, ఊరపంది, ఊరపిచ్చుక మాటల్లోని ‘ఊర’ అడవికి ఎదురుమాట. అయినా యజమాని ఉన్నాడని చెప్పదు. పిచ్చుకకు యజమాని ఎవరు?

మిగిలినవి త్వరగా చూద్దాం. కోడి అంటే ఆడదని మీ నోటీసు రాసినవారు అనుకున్నట్టున్నారు. పుంజూ కోడే, పెట్టా కోడే. అందుచేత ‘కోళ్లు మరియు పుంజులు’ అనడం ‘మనుషులు మరియు మగవాళ్లు’ అన్నట్టుంది. ‘మరియు’ మీద నా కోపం పాతది, ఇక్కడ వద్దు. జనాభా మనుషులకే, ప్రభుత్వం కూడా మనకు జనగణన, పశువులకూ కోళ్లకూ పశుగణన అని విడదీసింది. ‘కోళ్ల సంఖ్య’ అంటే సరిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం ‘నిర్వహించుట’. సభను నిర్వహిస్తాం, కోళ్ల ఫారాన్ని నిర్వహిస్తాం. మీ నోటీసు చదివినవాడు సంఘం కొత్తగా గుడ్ల వ్యాపారం పెట్టిందనుకుంటాడు. ‘నిర్మూలన’ అంటే ఒక్కటీ మిగలకూడదని. ‘అదుపు చేయడం’ అంటే పెరగకుండా చూడటం. వీటిలో మీకు ఏది కావాలో ముందు సంఘం తేల్చుకోవాలి, ఆ పని నిఘంటువు చేయదు. రెండోదే అయితే ఇలా రాయవచ్చు:

‘మన ఆవరణలోని ఊరకోళ్లకు గింజలు వేయవద్దు. మిగిలిన అన్నం మూత ఉన్న డబ్బాలోనే వేయండి. పొదల్లో, మెట్ల కింద గుడ్లు కనిపిస్తే వెంటనే కాపలాదారుకు చెప్పండి. పెట్ట పొదగడం మొదలుపెడితే 21 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.’