అబద్ధ క్రీస్తును గుర్తించడం గురించి ఒక తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

నీ స్నేహితుడు ఒక బోధకుని వెంట తిరుగుతున్నాడనీ, ఆ బోధకుడు తిరిగి వచ్చిన క్రీస్తును తానేనని చెప్పుకొంటున్నాడనీ, అక్కడ రోగులు బాగుపడటం కళ్లారా చూశానని స్నేహితుడు అంటుంటే ఏమి జవాబు చెప్పాలో తోచడం లేదనీ వ్రాశావు. ఆ స్వస్థతలు నిజమా, నటనా అనే వాదనలోకి నీవు దిగవద్దు. అద్భుతం బూటకమని తేల్చలేకపోతే ఆ మనిషిని ఒప్పుకోక తప్పదనుకొని చాలామంది విశ్వాసులు అక్కడే తడబడతారు.

ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం ఆరంభం చూడు. ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినప్పటికీ, అతడు ప్రజలను వేరే దేవతల వైపు తిప్పితే అతని మాట వినకూడదని అక్కడ ఉంది. అదే గ్రంథం 18వ అధ్యాయం చివర, చెప్పినది జరగకపోతే అది యెహోవా పలికిన మాట కాదని ఉంది. ఈ రెండింటినీ కలిపి చదివితే, జరగని ప్రవచనం ఒకణ్ణి తోసిపుచ్చడానికి చాలుతుంది గానీ, జరిగిన అద్భుతం అతణ్ణి అంగీకరించడానికి చాలదని తెలుస్తుంది. అబద్ధ క్రీస్తులు గొప్ప సూచకక్రియలు కనబరుస్తారని మత్తయి 24:24లో ప్రభువే చెప్పాడు కాబట్టి, మనకు ఆశ్చర్యపడే పని కూడా లేదు.

ఇక తానే క్రీస్తునన్న మాట సంగతి. అరణ్యంలో ఉన్నాడన్నా వెళ్లవద్దనీ, లోపలి గదిలో ఉన్నాడన్నా నమ్మవద్దనీ, తన రాకడ తూర్పున పుట్టి పడమటి వరకు కనబడే మెరుపులా ఉంటుందనీ ఆయన అదే అధ్యాయంలో చెప్పాడు. ఆరోహణమైనప్పుడు, వెళ్లిన రీతిగానే తిరిగి వస్తాడని దూతలు పలికారు. తల్లికి పుట్టి, పెరిగి, ఒక వయసు వచ్చాక నేనే ఆయననని ప్రకటించుకొన్న వ్యక్తికి ఈ మాటల్లో ఎక్కడా చోటు లేదు. ఫలానా ఊరిలో ఉన్నాడని ఎవరో వచ్చి చెబితే గానీ తెలియని క్రీస్తు, క్రీస్తు కాడు.

అయితే ఇంత బాహాటంగా చెప్పుకొనేవారు తక్కువ. దేవునికీ మనకూ మధ్య తాను లేకుండా రక్షణ లేదని మెల్లగా అలవాటు చేసేవారే ఎక్కువ, నా దృష్టిలో వారే ఎక్కువ ప్రమాదకరం. మీలోనుండే అలాంటివారు లేస్తారని పౌలు ఎఫెసు పెద్దలను హెచ్చరించాడు. అమెరికాలో ఒక గుంపును నడిపిన జిమ్ జోన్స్ కూడా క్రైస్తవ బోధకుడిగానే మొదలుపెట్టాడు. తనవారిని దక్షిణ అమెరికాలోని గయానా అడవికి తీసుకువెళ్లాడు. 1978 నవంబరు 18న అతని ఆజ్ఞ మీద జరిగిన విషప్రయోగంలో 900 మందికి పైగా చనిపోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

డబ్బు విషయంలో తొలి క్రైస్తవులకు సూటియైన కొలత ఉండేది. డిడాఖే అనే ప్రాచీన సంఘ బోధలో, ప్రవక్త ఆత్మావేశంలో తనకు డబ్బు ఇమ్మంటే వినవద్దనీ, లేనివారి కోసం ఇమ్మంటే మాత్రం తప్పు పట్టవద్దనీ ఉంది. ఆ రెండో భాగాన్ని మరచిపోకు. కానుక అడిగిన ప్రతి కాపరీ మోసగాడు కాడు. మన సంఘానికి భిన్నంగా ఆరాధించే ప్రతివాడూ అబద్ధ ప్రవక్త కాడు. ప్రవచనాలను తృణీకరించవద్దన్న వెంటనే సమస్తాన్ని పరీక్షించమని పౌలు తెస్సలొనీకయులకు వ్రాశాడు.

అన్నిటికంటే నేను ముందుగా చూసేది, ప్రశ్న అడిగినవాడికి అక్కడ ఏమవుతుందన్నది. పౌలు చెప్పినది లేఖనాలతో సరిపోతుందో లేదో బెరయ పట్టణపువారు ప్రతిదినం పరిశోధించారు, అందుకు అపొస్తలుల కార్యములు వారిని ఘనులని మెచ్చుకొంది. పౌలునే పరీక్షించవచ్చు గానీ ఈ బోధకుణ్ణి పరీక్షించకూడదంటే, ఆయన తన స్థానాన్ని ఎక్కడ పెట్టుకొన్నాడో నీ స్నేహితుణ్ణే ఆలోచించమను.

ఆ బోధకుని ప్రవచనం తప్పిపోతే నీ స్నేహితుడు తనంతట తానే బయటికి వస్తాడని ఎదురుచూడకు. 17వ శతాబ్దంలో షబ్బతాయి జెవీని ఎందరో యూదులు మెస్సీయగా నమ్మారు. 1666లో అతడు ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఇస్లాంలోకి మారినప్పుడు చాలామంది తెప్పరిల్లారు గానీ, కొందరు అది కూడా దైవ రహస్యమేనని సమర్థించుకొన్నారు. ఆశలన్నీ ఒకరిమీద పెట్టుకొన్నవాడికి రుజువులు అంత తేలికగా ఎక్కవు.

అందుకే నీ స్నేహితుణ్ణి ఎగతాళి చేయవద్దు, అతనితో మాటలు మానవద్దు. బయట స్నేహాలన్నీ తెగిపోతే అతనికి మిగిలేది ఆ గుంపు ఒక్కటే. అయితే మందులు మానమన్నారనో, ఆస్తి వ్రాసిమ్మన్నారనో, పిల్లలకు హాని జరుగుతోందనో తెలిస్తే వాక్యచర్చ కోసం ఆగకు. కుటుంబానికి వెంటనే చెప్పు, అవసరమైతే పోలీసులకూ చెప్పు. లేకపోతే తొందరపడవద్దు. ఆ బోధకుని పుస్తకాలు, ప్రసంగాలు పక్కన పెట్టి మార్కు సువార్త 16 అధ్యాయాలు ఇద్దరమూ కలిసి చదువుదామని అడుగు. చదువుతున్నప్పుడు నీవు వ్యాఖ్యానం చెప్పబోకు, అతణ్ణే మాట్లాడనివ్వు. మొదట ఒప్పుకోకపోతే కొన్నాళ్లు ఆగి మళ్లీ అడుగు.

ప్రభువునందు,
నీ అన్న