ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన) ప్యానెళ్ల మీద పోసిన వంతెన డెక్ (పైస్లాబు) గర్డర్ల (దాన్ని మోసే దూలాల) పొడవునా ఎందుకు పగులుతుంది?

చాలాసార్లు తప్పు పైన పోసిన కాంక్రీటుది కాదు, ప్యానెల్ అంచు కింద మిగిలిపోయిన ఖాళీది.

ఈ పద్ధతిలో గర్డర్ల మధ్య సుమారు 90 మి.మీ. మందం ప్రీస్ట్రెస్డ్ (లోపలి ఉక్కు తీగలను ముందే లాగి బిగించిన) ప్యానెళ్లు పరిచి, పైన కడ్డీలు కట్టి, మొత్తం 200 మి.మీ. వచ్చేలా సైట్‌లోనే కాంక్రీటు పోస్తారు. ప్యానెలే సెంట్రింగు, తర్వాత అదే స్లాబులో భాగం. ఆ ఉక్కు తీగలు, అంటే స్ట్రాండ్లు, ప్యానెల్ మందానికి సరిగ్గా మధ్యలో ఉండాలి. పైకో కిందికో జరిగితే ప్యానెల్ వంగుతుంది.

అంచులను ఫోమ్ పట్టీల మీద ఆనిస్తారు. అది తాత్కాలికం, లెవెల్ కోసమే. అసలు బరువు మోయాల్సింది అంచు కిందికి పారిన కాంక్రీటు. అందుకే పట్టీని గర్డర్ ఫ్లాంజ్ (పైన వెడల్పుగా ఉండే భాగం) చివరన అతికించి, ప్యానెల్‌ను దాన్ని దాటించి కనీసం 40 మి.మీ. లోపలికి రానివ్వాలి. 20 మి.మీ. కంకర వాడుతూ పట్టీ అంతకన్నా పలచగా పెడితే కంకర కిందికి దూరదు. అక్కడ బోలు మిగిలి, లారీ ఎక్కిన ప్రతిసారీ ప్యానెల్ మెత్తటి పట్టీ మీద ఊగుతుంది, పైన పగులుతుంది. ముందు గర్డర్ల మీద పోసి వైబ్రేటర్ పెట్టి, ఆ తర్వాతే మధ్య భాగానికి రావాలి.

ప్యానెల్ పైముఖం గరుకుగా ఉండాలి. పోసేముందు బాగా తడిపి, నిలిచిన నీళ్లు తీసేయాలి.

రెండు ప్యానెళ్ల మధ్య జాయింటు మీద అడ్డంగా వచ్చే సన్న గీతలు వేరే సంగతి. అక్కడ ప్యానెల్ తెగి, పైపొర మందమే మిగులుతుంది కాబట్టి మంచి పనిలోనూ కనిపిస్తాయి. పైపొరలో జాయింటును దాటివెళ్లే కడ్డీలే వాటిని వెడల్పు కాకుండా ఆపుతాయి.