టెక్ సందేహాలు: కొన్న మోడల్‌కి కూడా పేరు వేయాలా?

సందేహం: 3డీ బొమ్మలు తయారుచేసే డాజ్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో వాడటానికి ఒక క్యారెక్టర్, జుట్టు, డ్రెస్, పాతకాలపు లైబ్రరీ గది సెట్, ఈ 3డీ మోడల్స్ డబ్బు పెట్టి కొన్నాను. పోజు, లైటింగ్, కెమెరా, ఆ తర్వాత పైన చేసిన పెయింటింగ్ నావి. బొమ్మ పోస్ట్ చేస్తే ఒకరు ‘మొత్తం మీరే చేశారా?’ అని అడిగారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. కొన్నవాటికి కూడా తయారుచేసినవారి పేర్లు వేయాలా?

జవాబు: లైసెన్సు వరకే చూస్తే చాలాసార్లు అక్కర్లేదు. డాజ్, టర్బోస్క్విడ్ లాంటి స్టోర్లలో మామూలు లైసెన్సుతో కొన్న మోడల్‌తో తీసిన రెండర్‌ను, అంటే తుది బొమ్మను, మీరు చూపించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మోడల్ ఫైల్‌ను మాత్రం ఇంకొకరికి ఇవ్వకూడదు. ‘రాయల్టీ ఫ్రీ’ అన్న మాట చూసి ఉచితం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి ధర కట్టాక, వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టనక్కర్లేదనే దాని అర్థం.

అయినా పేరు వేయండనే చెబుతాను. మీరు కొన్నది వాడుకునే హక్కును. దాన్ని తయారుచేసిన పని మాత్రం ఇంకొకరిదే. మీ బొమ్మలోని జుట్టునే దగ్గరగా జూమ్ చేసి చూడండి. నుదుటి దగ్గర పలచగా మొదలవుతుంది, చెవి వెనక ఒక పాయ విడిగా జారుతుంది. తల పక్కకి తిప్పితే ఆ పాయ భుజంలోకి దిగబడిపోకుండా ఎవరో కూర్చుని మార్ఫ్‌లు (ఆకారం మారే అమరికలు) చేశారు. చూసేవాళ్లకి అది తెలిసే దారి లేదు, మీరు చెబితే తప్ప.

నేను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునే రోజుల్లో ఒక గది రెండర్ పోస్ట్ చేశాను. అందులో ఒక చెక్క కుర్చీ ఉంది. చెయ్యి ఆనే చోట వార్నిష్ అరిగిపోయి, లోపలి చెక్క నున్నగా మెరుస్తూ ఉంటుంది. ‘ఆ అరుగుదల ఎంత బాగా పట్టుకున్నారండీ!’ అని ఒకాయన రాశారు. కుర్చీ కొన్నది. నేను థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. ఆ మెచ్చుకోలు వేరే మనిషికి చేరాల్సింది. ఆ రోజు ఒక్క మాట రాయలేదే అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పేర్లు వేయడం మీకూ మంచిదే. అదే క్యారెక్టర్‌ని, అదే గదిని ఇంకెంతోమంది కొని ఉంటారు. రేపు మీలాంటి బొమ్మే ఇంకొకరు పెడితే, ఎవరు ఎవరిది కాపీ కొట్టారన్న గొడవ మొదలవుతుంది. పేర్లు ముందే ఉంటే ఆ గొడవకి తావుండదు. క్యాప్షన్‌లో ఇలా రాస్తే చాలు: ‘క్యారెక్టర్, జుట్టు, గది: కొన్న మోడల్స్, తయారుచేసినవారు ఫలానా, ఫలానా. పోజు, లైటింగ్, పెయింటింగ్: నేను’. స్టోర్ పేరు ఒక్కటే వేసి వదిలేయకండి. మోడల్ పేజీలో ఆర్టిస్టుల పేర్లు ఉంటాయి, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తారు. మూలనున్న పుస్తకానికీ దీపానికీ కూడా వేయాలా అంటే, నేనైతే పట్టుబట్టను. కన్ను ఆగే వస్తువులకు తప్పకుండా వేయండి.

ఒక్క చోట మాత్రం మినహాయింపు లేదు. 3డీ మోడలింగ్ ఉద్యోగానికి పంపే పోర్ట్‌ఫోలియోలో కొన్న మోడల్ ఉంటే, ఆ బొమ్మ కిందే చెప్పాలి. చెప్పకపోతే అది మోసమే.

సందేహం: ఉచితంగా దొరికిన ‘సీసీ బై’ మోడల్‌కి రంగులు మార్చి, సగం భాగం కొత్తగా చేశాను. ఇంత మార్చాక కూడా క్రెడిట్ ఇవ్వాలా?

జవాబు: ఇవ్వాలి. ఇక్కడ అది మర్యాదతో పోయేది కాదు, షరతు. ‘సీసీ బై’ అంటే క్రియేటివ్ కామన్స్ బై, తయారుచేసినవారి పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు. దానికి మీరు చెల్లించే ధర ఆ పేరే అనుకోండి. తయారుచేసినవారి పేరు, మోడల్ లింకు, లైసెన్సు పేరు, దాని లింకు ఇచ్చి, మార్పులు చేశామని కూడా రాయాలి. మోడల్ పేరు కూడా వేస్తే చూసేవాళ్లకి వెతుక్కోవడం సులువు. ఇప్పటికే క్రెడిట్ లేకుండా పోస్ట్ చేసి ఉంటే కంగారు పడకండి. ఆ లైసెన్సు 4.0 వెర్షన్‌లో, తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే హక్కు మళ్లీ దానంతటదే వస్తుంది. లైసెన్సులో ‘ఎన్‌సీ’ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ అని ఉంటే మార్చిన రూపాన్ని నలుగురిలో పెట్టకూడదు, మీ మోడల్‌కి ఆ అక్షరాలు ఉన్నాయేమో ముందు చూసుకోండి. ‘సీసీ0’ అయితే ఏ షరతూ లేదు.

సందేహం: పాత ప్రాజెక్టులో ఏ మోడల్ ఎవరిదో గుర్తులేదు. ఎలా?

జవాబు: స్టోర్ అకౌంట్‌లో ఆర్డర్ల జాబితా, కొన్నప్పుడు వచ్చిన మెయిల్స్ వెతకండి. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో జిప్ ఫైల్ మిగిలి ఉంటే లోపలి రీడ్‌మీ ఫైల్ తెరవండి, పేరు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇకముందు మోడల్ దించుకున్న వెంటనే దాని పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో పేరు, లింకు, లైసెన్సు రాసి పెట్టుకోండి. బ్లెండర్ కొత్త వెర్షన్లలో, మోడల్స్ వెతుక్కునే అసెట్ బ్రౌజర్‌లోనే ఆథర్, లైసెన్స్ అని గడులు ఉన్నాయి. రెండర్ ఫైల్ మెటాడేటాలో (ఫైల్‌లోనే దాగి ఉండే వివరాల్లో) కూడా రాయొచ్చు కానీ, చాలా సోషల్ సైట్లు అప్‌లోడ్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తాయి. కాబట్టి క్యాప్షన్‌లో కూడా రాయండి.