150 డాలర్ల క్లాసు దండగేనా?

ప్రశ్న: అక్కా, మాది కూకట్‌పల్లి. డాలస్ వచ్చి ఏడు నెలలైంది. నాకిప్పుడు ఐదో నెల. కాన్పుకి సిద్ధం చేసే క్లాసులున్నాయని హాస్పిటల్లో కాగితం ఇచ్చారు, ఇద్దరికీ కలిపి 150 డాలర్లు. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, దండగ అంటున్నారు మా ఆయన. ఎనిమిదో నెలకి అమ్మ ఎలాగూ వస్తోంది. చేరమంటారా?

చేరు చెల్లీ. మీ ఆయన్ని కూడా లాక్కెళ్లు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నా తెలివితక్కువతనం కొంత బయటపెట్టుకోవాలి. సెలవులకి వచ్చి వనస్థలిపురంలో మా అమ్మావాళ్ల డాబా మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కింద అమ్మ పక్కింటావిడకి నా మొదటి కాన్పు కథ ఇప్పటికీ చెబుతూనే ఉంది, కాబట్టి మర్చిపోయే ప్రమాదం లేదు.

2010లో మేం న్యూజెర్సీలో ఉన్నాం. ఒక్క జీతం, నేను డిపెండెంట్ వీసా మీద ఇంట్లో. డాలరు అప్పుడు 46 రూపాయల చిల్లర, పాల క్యాను కొన్నా 46తో హెచ్చవేసి చూసుకునేదాన్ని. క్లాసు 120 డాలర్లన్నారు. హెచ్చవేస్తే ఐదున్నర వేలు! మా అమ్మమ్మ ఏడుగుర్ని కంది, ఏ క్లాసుకెళ్లిందీ అని డైలాగ్ కొట్టి ఆ కాగితం నేనే చెత్తబుట్టలో పడేశాను. మీ ఆయనలాగా మా ఆయన అనలేదు సుమా, ఆ ఘనత పూర్తిగా నాదే.

నెలలు నిండాక ఒకరోజు రాత్రి రెండింటికి నొప్పులు మొదలయ్యాయి. పరుగెత్తాం. పొట్టకి బెల్టు కట్టారు, బిడ్డ గుండె చప్పుడు విన్నారు, మూడు గంటలు చూసి ఇవి దొంగనొప్పులు, ఇంటికెళ్లండి అన్నారు. నాలుగు రోజులకి మళ్లీ అదే తంతు. రెండుసార్లకీ కలిపి మా వాటా బిల్లు 1,100 డాలర్లు వచ్చింది. క్లాసు ఫీజుకి తొమ్మిది రెట్లు! క్లాసుకెళ్లి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లు, మొదటి కాన్పుకైతే ఐదు నిమిషాలకోసారి నొప్పి రావాలి, ఒక్కోటి నిమిషం ఉండాలి, అలా గంటసేపు సాగాలి, అప్పుడు బయల్దేరమని. (ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, 37 వారాలు నిండకుండానే నొప్పులొచ్చినా మాత్రం గడియారం చూడొద్దు, వెంటనే ఫోన్ చేసి వెళ్లు. అక్కడ డబ్బు చూసుకోకూడదు, నేనే చెబుతున్నాను.)

అసలు కథ ఇంకా ఉంది. మూడోసారి నిజం నొప్పులే. పదకొండు గంటలు. నర్సు వచ్చి ఎపిడ్యూరల్ కావాలా అని అడిగింది. నడుములో సూది పెట్టి నొప్పి తెలియకుండా చేస్తారే, అది. నేను పళ్లు బిగించి అడిగిన మొదటి ప్రశ్న, ఎంతవుతుంది? పాపం ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది. తనకి తెలియదు, కనుక్కుంటానంది, ఎవరికీ తెలియలేదు. అయితే వద్దన్నాను. మంచం కమ్మీ పట్టుకుని ఆ రాత్రంతా ఎన్ని వేలు మిగిలాయో లెక్కపెట్టుకున్నాను.

నెలన్నర తర్వాత ఇన్సూరెన్స్ కాగితాలు వచ్చాక తెలిసింది, మిగిలింది గుండుసున్నా. ఫిబ్రవరిలో మా ఆయనకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, తర్వాత నా స్కాన్లు, ఆ రెండు దొంగనొప్పుల బిల్లులతో మా ఇంటికి ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్ అప్పటికే నిండిపోయింది. అంటే ఏడాదిలో మన జేబులోంచి పోయేదానికి ఒక హద్దు ఉంటుంది, అది దాటాక నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ల ఖర్చు ఇన్సూరెన్సే పెట్టుకుంటుంది. ఆ సూదికి మేం పైసా కట్టక్కర్లేదు! సూది తీసుకోవడం, మానడం నీ ఇష్టం, రెండూ తప్పు కాదు. కానీ ధర చూసి మానుకోవడమంత పిచ్చిపని లేదు.

2014లో రెండోవాడప్పుడు బుద్ధొచ్చి చేరాం. ఆ టీచరు మా అందరి చేతుల్లో తలా ఒక ఐసు ముక్క పెట్టి నిమిషంసేపు పట్టుకోమంది. మా ఆయన ఇరవై సెకన్లకే వదిలేశారు. తర్వాత నెమ్మదిగా ఊపిరి వదులుతూ, ఎదురుగా గోడ మీద ఒక్క చోటే చూస్తూ మళ్లీ పట్టుకోమంది, ఈసారి నిమిషం నిలబడ్డారు. చేతిలోంచి నీళ్లు మోచేతి దాకా కారుతుంటే ఆయన నా వైపు చూసి, మొదటిసారి నువ్వు పదకొండు గంటలా అన్నారు. ఆ ఒక్క చూపుకే ఫీజు గిట్టింది. గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు ఎలా తెరుచుకుంటుందో, పక్కకి తిరిగి పడుకుంటే, పెద్ద బంతి మీద కూర్చుంటే ఏమవుతుందో, మాయ పడేదాకా కాన్పు అయినట్టు కాదని, అన్నీ బొమ్మతో చూపించింది. యూట్యూబ్ ఐసు ముక్క చేతికివ్వదుగా.

అమ్మ వస్తోంది కదా అన్నావు. రానీ, పథ్యం వంటకీ, పిల్లకి నూనె రాసి నీళ్లు పోయడానికీ అమ్మని మించినవాళ్లు లేరు. కానీ ఇక్కడ తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, అమెరికాలో అది మూడోవంతు దగ్గర. పైగా మనవాళ్లు ముహూర్తం కూడా పెట్టిస్తారు. గంటల తరబడి నొప్పులు పడ్డవాళ్లు మీ అక్కాచెల్లెళ్లలో ఎందరున్నారో లెక్కేసుకో, ఎవర్నడుగుతావు? అమ్మకేమో ఆ గదిలో నర్సు మాటలు సగం అర్థం కావు. అమ్మకి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. బీపీ, షుగర్ ఉంటే అది ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో చదువుకో.

మిగతా రూల్స్ మీ హెచ్‌ఆర్‌ని అడిగితే చెబుతారు, నేను పైపైన అంటాను. బిడ్డ పుట్టిన 30 రోజుల్లో కంపెనీ ఇన్సూరెన్స్‌లో పేరు చేర్చాలి, బారసాల అయ్యాక చూద్దాం అనుకోవద్దు. పాలు తీసే పంపు ఇన్సూరెన్స్ ఇస్తుంది, షాపులో కొనకు. మీ ప్లానులో ఇందాక చెప్పిన ఆ ఏడాది హద్దు లెక్క జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేదైతే, డెలివరీ డేటు ఏ పక్కన పడుతుందో ఇప్పుడే క్యాలెండర్ చూడు.

క్లాసు ఏడో నెలలో మొదలుపెట్టి ఎనిమిది నిండేలోపు ముగించు, సీటు ఇప్పుడే పట్టుకో. రసీదు దాచుకో, మీ ఆయనకి హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ గానీ హెచ్‌ఎస్‌ఏ గానీ (వైద్య ఖర్చులకని పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతాలు) ఉంటే తల్లి వంతు ఫీజు మామూలుగా అందులోంచి కట్టుకోవచ్చు. పక్కన వచ్చే భర్త వంతు మాత్రం ఒప్పుకోరు. ఆ సంగతి ఆయనకి క్లాసు అయిపోయాకే చెప్పు.