అల్లుడా, గ్రాఫిక్స్ కార్డును ఓవెన్‌లో పెట్టొద్దు

చిరంజీవి అల్లుడికి, అనంతపురం నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. కంప్యూటర్ తెర నిండా పచ్చచుక్కలు, ముగ్గేయబోయి మధ్యలో లేచిపోయినట్టు. ఏదో వీడియో చూసి, తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు బాగవుతుందని దాన్ని ఓవెన్‌లో కాలుస్తానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె టెన్షనంతా ఓవెన్ గురించే, కార్డు గురించి కాదు.

ఊడిన అతుకులు వేడికి కరిగి మళ్లీ అతుక్కుంటాయని వాళ్ల ఆశ. భాగాలను కార్డుకు అతికించే లోహాన్ని సోల్డర్ అంటారు. సీసం కలిసిన పాత సోల్డర్ 183 డిగ్రీలకే కరిగేది. ఇప్పటి కార్డుల్లో సీసం ఉండదు, 217 దాటితే గానీ కరగదు. 200 దగ్గర కాలిస్తే ఏ అతుకూ అతకదు. ఒక్కోసారి కార్డు లేచి కూర్చుంటుంది, నిజమే. చిప్ లోపల ఏదో కాస్త సర్దుకుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే చుక్కలు. ఈలోపు కెపాసిటర్లు ఉబ్బుతాయి, ప్లాస్టిక్ వంకర పోతుంది. ఆ పొగ పట్టిన ఓవెన్‌లో ఇక తిండి వండకూడదు.

ముందు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడు. అందులో చుక్కలు లేకపోతే కేబులో, మానిటరో మార్చి చూడు. ఉంటే కార్డు మీదో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డ్రైవర్ మీదో అనుమానం. డ్రైవర్ మళ్లీ వెయ్యి, కార్డు తీసి గట్టిగా బిగించు, కుదిరితే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడు. వారంటీ ఉంటే మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

ఇక వేడి. కార్డు మరీ వేడెక్కినా ఇలాంటి చుక్కలు రావచ్చు. మన సీమ దుమ్ము, ఎండ నీకు చెప్పాలా? నా కార్డు విప్పితే, చిప్ వేడిని లాగే లోహపు హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పరుపులా పేరుకుంది, ఆ రెండిటి మధ్య పూసే పేస్టు ఎండి విభూదిలా రాలింది. ప్లగ్ పీకి, క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకి మొదలుపెట్టు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, గిర్రున తిరగనీకు. చిప్ చుట్టూ నాలుగు స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. హీట్‌సింక్‌ను లాగొద్దు. నేను లాగాను. ఫ్యాన్ వైరు సాకెట్‌తో సహా ఊడొచ్చింది, బాగున్న ఫ్యాన్ కూడా పోయింది. మెల్లగా అటూ ఇటూ తిప్పి కదిలించి, సందులోంచి చూసి ఆ వైరు తీశాకే పైకెత్తు.

పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. కొత్తది బఠానీ గింజంత చాలు. మెమరీ మీది మెత్తటి ప్యాడ్లు చిరిగితే అదే మందంవి తెచ్చుకో. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు, తక్కువైతే మెమరీకి ఆనదు.

ఇవన్నీ చేసినా చుక్కలు పోకపోతే చిప్పో మెమరీనో పోయినట్టే. అది ఇంట్లో బాగయ్యే పని కాదు, చిప్‌లు ఊడదీసి అతికించే మెషీన్ ఉన్నవాళ్లకు ఇవ్వు. కార్డు పాతదైతే వాళ్లు అడిగే డబ్బు కూడా దండగే.

పేస్టు కొనకు, నా దగ్గర సగం ట్యూబు ఉంది. ఆదివారం కడప నుంచి బస్సెక్కేటప్పుడు కార్డును దాని డబ్బాలోనే పెట్టుకురా.

మీ మామ