గణిత ప్రాజెక్టుకు వాకిట్లోని ముగ్గు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవానికి ఒక్కొక్కరూ ఒక ప్రాజెక్టు చేసుకు రావాలని బడిలో చెప్పారు. రామానుజన్ గురించి, 1729 గురించి చార్టు రాద్దామనుకున్న మా అమ్మాయి, తరగతిలో సగం మంది అదే రాస్తున్నారని తెలిసి నిరుత్సాహపడింది. డబ్బు పెట్టి నమూనాలు చేయించే ఉద్దేశం మాకు లేదు. ఆసక్తికరమైన అంశాన్ని ఎలా ఎంచుకోవాలో దయచేసి తెలుపగలరు.
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: అంశం పాతదైనా అందులో మీ అమ్మాయి వేసుకునే ప్రశ్న తనదైతే ప్రాజెక్టు కూడా తనదే అవుతుంది. నేను చూడమనేది ఒక్కటే: పని మొదలుపెట్టేటప్పుడు జవాబు పిల్లకు తెలిసి ఉండకూడదు, కానీ కాగితం, పెన్సిలుతో తనంతట తానే దాన్ని కనుక్కోగలగాలి.

1729నే తీసుకోండి. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అదేనని ప్రతి చార్టులోనూ ఉంటుంది గాని, అంతకన్నా చిన్నది లేదని ఎలా తెలిసిందో పిల్లలు సాధారణంగా రాయరు. 12 ఘనం 1728 కనుక 1 నుంచి 12 వరకు ఘనాలు రాసుకుని, ఒక ఘనాన్ని దానితోనే కూడటం సహా అన్ని జతలనూ కూడితే 78 మొత్తాలు వస్తాయి; వాటిలో రెండుసార్లు కనిపించేది 1729 ఒక్కటే. అలాంటి తర్వాతి సంఖ్య 4104 అని మీకు మాత్రమే చెబుతున్నాను, అమ్మాయిని వెతకనివ్వండి.

అయితే నన్నడిగితే అంతకన్నా మంచి అంశం మీ వాకిట్లోనే ఉంది. గణిత దినోత్సవం ధనుర్మాసంలోనే వస్తుంది, అప్పటికి వీధి వీధంతా ముగ్గులే. సందు చుక్కలు కాకుండా, ఎదురెదురుగా చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేయమనండి. గీత ఏ చుక్కనూ తాకకుండా చుక్కల నడుమ ఏటవాలుగా సాగాలి, పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీతలు ఒకదాన్నొకటి దాటాలి, అంచుకు చేరిన గీత బయటి చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. ఇక ప్రశ్న ఇది: చెయ్యి ఎత్తకుండా ముగ్గు మొత్తం ఒకే గీతతో పూర్తవుతుందా, లేకపోతే ఎన్ని గీతలు కావాలి?

3 చుక్కలు 2 వరుసలకు ఒక్క గీత చాలు. 3 చుక్కలు 3 వరుసలకు మూడు కావాలి. చుక్కలు పెరిగితే గీతలూ పెరుగుతాయని పిల్ల అనుకుంటుంది. 5 చుక్కలు 4 వరుసలు వేసి చూస్తే మళ్లీ ఒక్క గీతే వచ్చి ఆ ఊహ తప్పని తేలుతుంది. ఈ తప్పడమే ప్రాజెక్టులో అమూల్యమైన ఘట్టం, దయచేసి మీరు ముందుగా సరిదిద్దకండి. 6 చుక్కలు 4 వరుసలకు రెండు, 6 చుక్కలు 3 వరుసలకు మూడు అని పట్టిక పెరుగుతూ ఉంటే, గీతల సంఖ్య ఆ రెండు సంఖ్యల గ.సా.భా. అని ఏదో ఒక సాయంత్రం తనకే తడుతుంది.

ఎందుకలా అన్నది కూడా తన పాఠాల్లోని లెక్కే. గీత ఏటవాలుగా నడుస్తుంది కనుక పక్కకు ఎంత జరిగితే పైకో కిందికో అంతే జరుగుతుంది. బయల్దేరిన చోటికే చేరి ముగియాలంటే అడ్డంగా రాకపోకలు, నిలువుగా రాకపోకలు రెండూ ఒకేసారి పూర్తి కావాలి. అందుకని ప్రతి గీత పొడవూ క.సా.గు.ను బట్టి ఉంటుంది. 6, 4ల క.సా.గు. 12, మొత్తం చుక్కలు 24. 24ను 12తో భాగిస్తే రెండు గీతలు. రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధానికి సమానమని బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ నేల మీద పిండితో కనిపిస్తుంది.

ముగ్గులో గణితమేమిటని ఉపాధ్యాయులు సందేహిస్తే, 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ బృందం ముగ్గుల అల్లికను కంప్యూటర్ శాస్త్ర దృష్టితో పరిశోధించిందని చెప్పవచ్చు. చివరి చార్టులో తప్పిన ముగ్గులకూ, తప్పిన ఊహలకూ చోటివ్వండి. వారం రోజుల వ్యవధి ఉంటే మొదటి నాలుగు రోజులూ గళ్ల కాగితం మీద ముగ్గులు వేయడానికే వదిలి, చార్టు, రంగులు, శీర్షిక వంటివన్నీ ఆ తర్వాత చూసుకోమనండి.